రాగిరేకులు, బ్యాకప్పులు, మా పెదనాన్నగారి శతకం

ప్రతి తెలుగు కుటుంబంలోనూ ఒక శతకకర్త ఉంటాడని నా గట్టి నమ్మకం. మీ ఇంట్లో లేడంటే మీరింకా సరిగా వెతకలేదన్నమాట :) రిటైరైన మాస్టారో, బ్యాంకులో పనిచేసిన బాబాయో, ఎవరో ఒకరు ఊళ్ళో రాములవారి మీదో ఇలవేల్పు నరసింహస్వామి మీదో నూట ఎనిమిది పద్యాలు రాస్తారు. పీఎఫ్ డబ్బుల్లోంచి కాస్త తీసి ఐదొందల కాపీలు అచ్చు వేయిస్తారు. గుడి మండపంలో చిన్న సభ, ఒక శాలువా, నాలుగు మంచి మాటలు. వంద కాపీలు చుట్టాలకి వెళ్తాయి. మిగతా నాలుగొందలు మంచం కింద అట్టపెట్టెలో ఉండిపోతాయి.

మా ఇంట్లో ఆ పని చేసింది మా పెదనాన్నగారు. మొన్న సంక్రాంతికి వెళ్ళినప్పుడు అడిగారు. "ఒరేయ్, నువ్వు కంప్యూటర్ల వాడివి గదా. దీన్ని ఇంటర్నెట్లో పెడితే శాశ్వతంగా ఉండిపోతుందటగా?"

శాశ్వతం! మన ఫీల్డులో ఉన్నవాళ్ళకి ఆ మాట వింటే నవ్వాలో ఏడవాలో తెలీదు. మూడేళ్ళ కింద రాసిన కోడ్ ఇవాళ బిల్డ్ అవ్వదు. జియోసిటీస్ 2009లో మూతపడింది, ఆర్కుట్ 2014లో, యాహూ గ్రూప్స్ 2020లో. వాటిలో మనవాళ్ళు రాసుకున్న తెలుగు ఎంత పోయిందో లెక్కలేదు. ఇంటర్నెట్లో పెట్టడం అంటే ఎవరో ఒకరు నెలనెలా కరెంటు బిల్లు కడుతున్నంత కాలం ఉండటం. అంతే.

"చూద్దాం పెదనాన్నా" అన్నాను గానీ, ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. దేవుడి మీద రాసిన రాతల్లో కొన్ని ఐదొందల ఏళ్ళు ఎలా నిలిచాయి, మిగతావి ఒక్క తరంలో ఎందుకు పోయాయి? మామూలుగా దీనికి మనవాళ్ళు చెప్పే జవాబు "అది దైవానుగ్రహం, ఆ భక్తి అలాంటిది" అని. కాదనను. కానీ అదే అసలు కారణమైతే, భక్తితో రాసి అడ్రసు లేకుండా పోయిన వేలమంది మాటేంటి? వాళ్ళ భక్తిలో లోపమని నేనైతే అనలేను.

నా అభిప్రాయం ఏంటంటే, రాయించేది భక్తే. నిలబెట్టేది మాత్రం చాలా మామూలు చాకిరీ. ఆ చాకిరీ ఎప్పుడూ రాసినవాడు చెయ్యడు, వేరేవాళ్ళు చేస్తారు. ప్రస్తుతం ఆ "వేరేవాళ్ళు" మనమే, కానీ మనకి ఆ సంగతి తట్టినట్టు లేదు.

నేను పండితుణ్ణి కాదని ముందే చెప్పేస్తున్నా. ఇంజనీరింగ్ చదివి డేటాబేసుల మీద బతుకుతున్నవాణ్ణి. గణాలు, యతులు స్కూల్తోనే వదిలేశాను. కానీ డేటా ఎలా పోతుంది, ఎలా మిగుల్తుంది అన్నది నా రోజువారీ కూటివిద్య. ఆ కళ్ళద్దాలతో చూస్తే కనిపించింది చెప్తాను.

అందరికీ తెలిసిన అన్నమయ్యనే తీసుకుందాం. 1408లో పుట్టి 1503లో పోయారని సాధారణంగా చెప్పే లెక్క. కడప ప్రాంతంలో తాళ్ళపాక ఊరు. 32 వేల సంకీర్తనలు చెప్పారని సంప్రదాయం అంటుంది. ఇప్పుడు మనకు దొరికేవి 12 వేల పైచిలుకు. "అయ్యో, సగానికి పైగా పోయాయే" అంటారు అందరూ. నాకు మాత్రం 12 వేలు మిగలడమే ఆశ్చర్యం. ఎందుకంటే అవి పాటలు. రాజుగారికి అంకితమిచ్చిన ప్రబంధాలు కావు. మామూలు జనం మాట్లాడుకునే మాటలతో కట్టిన పదాలు. అప్పటి పండితుల దృష్టిలో కావ్యానికున్న గౌరవం పాటకి లేదు. అలాంటివి ముందు పోవాలి నిజానికి.

పోకపోవడానికి కారణం ఆయన కొడుకు పెద తిరుమలాచార్యులు.

అప్పట్లో మామూలు స్టోరేజీ తాటాకు. దానికి చెద, తేమ, పురుగు అన్నీ శత్రువులే. తాటాకు గ్రంథం బతకాలంటే ప్రతి కొన్ని తరాలకి ఒకసారి ఎవరో ఓపిగ్గా కూర్చుని కొత్త ఆకుల మీద తిరగరాయాలి. ఒక్క తరం బద్ధకిస్తే గొలుసు తెగిపోతుంది. ఈ రిస్కు కొడుక్కి తెలుసు. అందుకని 16వ శతాబ్దంలో ఆ పాటల్ని రాగిరేకుల మీద చెక్కించే పని పెట్టుకున్నారు. ఇవాళ మిగిలినవే రెండు వేలకు పైగా రేకులు. ఒక్కో అక్షరం చేత్తో చెక్కాలి. అన్‌డూ లేదు. రాగి కొనాలి, చెక్కేవాళ్ళకి కూలి ఇవ్వాలి, తప్పులు చూసేవాళ్ళు కావాలి. తాళ్ళపాకవారికి అప్పట్లో స్తోమత ఉంది. అచ్యుతదేవరాయల కాలం నాటి తిరుమల శాసనాల్లో పెద తిరుమలాచార్యులు స్వామికి ఇచ్చిన దానాల వివరాలు కనిపిస్తాయి. ఆ స్తోమతని పెట్టి ఇంకో మేడ కట్టుకోవచ్చు కదా? నాన్న పాటలు చెక్కించారు.

నాకు ఆ రేకుల్లో బాగా నచ్చింది ఇంకోటుంది. మొదట్లోనే ఒక హెడర్ లాంటిది ఉంటుంది. శక సంవత్సరం 1346 క్రోధి మొదలుకొని, శక 1424 దుందుభి సంవత్సరం ఫాల్గుణ బహుళ ద్వాదశి దాకా తాళ్ళపాక అన్నమాచార్యులు చెప్పిన సంకీర్తనలివి అని. అంటే 1424 నుంచి 1503 వరకు. ప్రతి పాటకీ పైన రాగం పేరు. తండ్రివి, కొడుకువి, మనవడివి విడివిడిగా. ఇది ఎందుకంత ముఖ్యమంటే, ఆ కుటుంబంలో చాలామంది రాశారు, అందరి ముద్రా వెంకటేశుడే. రేకులు కలిపేసి ఉంటే ఏది ఎవరిదో తేల్చడానికి పీహెచ్‌డీలు సరిపోయేవి కావు. మెటాడేటా విలువ తెలిసిన మనిషి ఆయన. మనం ఒక ఫోటో సేవ్ చేసి "ఫైనల్_కొత్తది_2" అని పేరు పెడతాం :)

ఇంకో తెలివైన పని, ఆ రేకుల్ని ఇంట్లో పెట్టుకోలేదు. తిరుమల గుడి లోపలే, భాష్యకార్ల సన్నిధి పక్కన ఒక చిన్న రాతి గదిలో పెట్టారు. సంకీర్తనా భండారం అంటారు. రాగికి చెద పట్టదు గానీ దాని రిస్కు దానికుంది. కరిగిస్తే బిందె అవుతుంది. కరువొచ్చిన ఏడు ఇంట్లో రాగి ఉంటే ఏమవుతుందో ఊహించుకోండి. ఇళ్ళు ఎత్తిగిల్లుతాయి, పడిపోతాయి. గుడి అంత తొందరగా పడిపోదు. విజయనగరం పోయింది, గోల్కొండ పోయింది, కంపెనీవాళ్ళు వచ్చారు, దొరలూ పోయారు. ఆ గది ఉంది.

ఇంతవరకూ సక్సెస్ స్టోరీ. ఇప్పుడు ఫెయిల్యూర్ కూడా చెప్పుకోవాలి, లేకపోతే నిజాయితీ కాదు.

రేకుల మీద రాగం పేరు ఉంది, స్వరం లేదు. అన్నమయ్య ఏ వరుసలో పాడారో ఎవరికీ తెలియదు. ఫైలుంది, ప్లే చేసే కోడెక్ పోయింది. పాట కాస్తా పద్యంలా చదువుకునే సరుకైపోయింది. అసలు చదివినవాళ్ళు కూడా లేరు. ఏ.డి. క్యాంప్‌బెల్ 1816లో అచ్చయిన తన తెలుగు వ్యాకరణంలో తిరుపతి రాగిరేకుల ప్రస్తావన చేశాడు. ఆయన వెతుకుతున్నది వ్యాకరణం. రేకుల్లో కనిపించినవి చాలావరకు దేవుడి మీద స్తుతులు. ఆయనకి కావలసిన సరుకు కాదు కాబట్టి కథ అక్కడితో ఆగిపోయింది. తర్వాత ఇంకో వందేళ్ళు పోయాక, 1922లో, దేవస్థానం శాసనాల మీద పనిచేసిన సాధు సుబ్రహ్మణ్యశాస్త్రిగారు వాటిని వెలుగులోకి తెచ్చారు.

ఆ మధ్యకాలంలో పూర్తిగా చచ్చిపోని భాగం ఒకటుంది. తిరుమలలో పొద్దున సుప్రభాతం వేళ, రాత్రి ఏకాంతసేవలో తాళ్ళపాక వంశంవాళ్ళు పాడే ఆచారం. కారణం చాలా సింపుల్. అది రోజూ చెయ్యాల్సిన డ్యూటీ. రోజూ నడిచే జాబ్‌లో బగ్ వస్తే రోజే తెలిసిపోతుంది. నెలకోసారి కూడా తెరవని బ్యాకప్ పాడైతే అవసరం వచ్చేదాకా తెలీదు.

1922 తర్వాత పడిన చాకిరీ గురించి చెప్పుకోవాలంటే చాలా ఉంది. రేకులు చదవాలి, పాత లిపి, పాత మాట, ఎక్కడ విరవాలో తెలీదు. వేటూరి ప్రభాకరశాస్త్రిగారు, రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మగారు లాంటి మహామహులు దశాబ్దాలు కూర్చుంటే సంపుటాలుగా అచ్చయ్యాయి. పోయిన వరసల స్థానంలో రాళ్ళపల్లివారు నూరుకి పైగా పాటలకి కొత్తగా స్వరాలు కట్టారు. తర్వాత నేదునూరి కృష్ణమూర్తిగారు, మొన్న 2025లో కన్నుమూసిన గరిమెళ్ళ బాలకృష్ణప్రసాద్‌గారు, ఎమ్మెస్ సుబ్బులక్ష్మిగారి రికార్డులు, 1978లో మొదలైన అన్నమాచార్య ప్రాజెక్టు, చివరికి 1997లో నాగార్జున సినిమా. మనలో సగం మందికి అన్నమయ్య పరిచయం ఆ సినిమాతోనే. అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

అంటే ఒక మనిషి భక్తి మన ఇయర్‌ఫోన్సులోకి రావడానికి కొడుకు డబ్బు, పేర్లు తెలియని చెక్కుడు పనివాళ్ళ కళ్ళు, ఒక గుడి గోడ, ఒక శాసనాల పండితుడు, ఇద్దరు ముగ్గురు పరిష్కర్తలు, నలుగురు గాయకులు, ఒక డైరెక్టరు కావలసి వచ్చింది. వీళ్ళలో ఏ ఒక్కరు "మనకెందుకులే" అనుకున్నా గొలుసు ఎక్కడో తెగేది.

"రాగి లేకపోతే లేదా మరి?" అని మీరు అడగొచ్చు. ఉంది. త్యాగరాజస్వామి (1767-1847) సంగతి చూడండి. రాగీ లేదు, రాజాశ్రయమూ లేదు. తంజావూరు దగ్గర తిరువయ్యారులో, చుట్టూ తమిళం మాట్లాడే జనం మధ్య తెలుగులో పాడుకున్నారు. నిలబెట్టింది శిష్యులు. వాలాజాపేట, ఉమయాళ్‌పురం, తిల్లైస్థానం అని మూడు శిష్యపరంపరలు. మన భాషలో మూడు రెప్లికాలు. మూడింటికీ మధ్య పాఠంలో తేడాలున్నాయి, వర్షన్ గొడవలు ఇప్పటికీ నడుస్తూనే ఉన్నాయి. కానీ వరస పోలేదు. వాలాజాపేట వేంకటరమణ భాగవతార్ లాంటి శిష్యులు వినడంతో ఆగక రాసి కూడా పెట్టారు. ఆ రాతప్రతులు మధుర సౌరాష్ట్ర సభలో చేరాయి. ఏడొందల దాకా కృతులు మనకి వరసతో సహా దక్కాయి. తర్వాత ఆ సమాధి పాడుబడి ఉంటే, బెంగుళూరు నాగరత్నమ్మగారు 1920ల్లో తన సొమ్ముతో గుడి కట్టించారు. సమాజం చిన్నచూపు చూసిన దేవదాసీ కులంలోంచి వచ్చిన మనిషి ఆవిడ. ఇవాళ తిరువయ్యారు ఆరాధనలో కూర్చుని పంచరత్నాలు పాడే ప్రతివాళ్ళూ ఆవిడకి బాకీనే.

రెండింటినీ పక్కపక్కన పెడితే ఒక విషయం అర్థమౌతుంది. అన్నమయ్యకి ఆర్కైవ్ ఉంది, వాడకం ఆగిపోయింది. మాట మిగిలి పాట పోయింది. త్యాగయ్యకి ఆర్కైవ్ తక్కువ, వాడకం ఆగలేదు. పాట మిగిలింది. నన్నడిగితే వాడకమే మంచి బ్యాకప్. ఇది ఒక్క మతానికి సంబంధించిన సూత్రం కూడా కాదు. 1803లో పుట్టిన పురుషోత్తమ చౌదరిగారు మన వరసల్లో క్రీస్తు మీద కీర్తనలు కట్టారు. అవి ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలోకి ఎక్కి ఇప్పటికీ ఆదివారం చర్చిల్లో వినిపిస్తున్నాయి. వారంవారం పదిమంది కలిసి పాడే పాటకి చావు అంత సులువుగా రాదు. బ్రహ్మంగారి తత్వాలు పల్లెల్లో ఏ లైబ్రరీలో బతికాయి? ఏకతార పట్టుకున్నవాళ్ళ నోళ్ళలో బతికాయి.

పోయినదాన్ని పూడ్చిన కథ కూడా ఉంది. పోతనగారి భాగవతం పన్నెండు స్కంధాల్లో మనకి దొరికేవాటిలో నాలుగు ఇతరుల చేతివి. ఐదోది గంగన, ఆరోది సింగన, పదకొండు పన్నెండు వెలిగందల నారయ. ఎలా పోయాయన్నదానికి కథలు చాలా చెప్తారు, వాటి జోలికి నేను వెళ్ళను. నాకు ముఖ్యమనిపించేది, పోతనంతటివాడి పక్కన తన పద్యం తేలిపోతుందని తెలిసి కూడా ఆ ముగ్గురూ పని పూర్తి చెయ్యడం. ఇంకొకళ్ళ కోడ్‌బేస్‌లో మిస్సింగ్ మాడ్యూల్ రాసినవాడికి పేరు రాదని మనకి బాగా తెలుసు కదా.

ఇదంతా స్టోరేజీ గొడవ. మరి రాత సంగతి? ఏం రాసినా రాగిలో చెక్కిస్తే నిలుస్తుందా?

నిలవదు. ఎవరూ తిరిగి పాడాలనుకోని పాటని ఏ రాగీ కాపాడదు, మహా అయితే మ్యూజియంలో ఉంటుంది. అన్నమయ్య ఏం చేశారంటే, జనం అప్పటికే పాడుకుంటున్న వాటిల్లోకి దేవుణ్ణి తీసుకొచ్చారు. లాలిపాట, దంపుళ్ళ సువ్వి పాట, గొబ్బి పాట, జాజర, కోలాటం. పిల్లాణ్ణి ఊపుతూ పాడేది, రోకలి వేస్తూ పాడేది. జనం కొత్తగా నేర్చుకోవాల్సిన పని లేదు, వరస ముందే నోట్లో ఉంది. ఇక విషయానికొస్తే, ఆ పాటల్లో పొగడ్త ఒక్కటే ఉండదు. సంసారంతో విసిగిన మనిషి ఉంటాడు, తన మనసు తన మాట వినట్లేదని ఏడ్చే మనిషి ఉంటాడు, అలిగిన అలమేలుమంగ ఉంటుంది. రాజు నిద్రా బంటు నిద్రా ఒకటేనని నిక్కచ్చిగా చెప్పే మనిషి ఉంటాడు. ఐదొందల ఏళ్ళ తర్వాత డెడ్‌లైన్ కింద నలుగుతున్న నాలాంటివాడు వింటే "ఇది నా గోడే కదా" అనిపిస్తుంది.

ఇప్పుడు మా పెదనాన్నగారి శతకం. ఆయన మీద గౌరవంతోనే చెప్తున్నా, నూట ఎనిమిది పద్యాల్లో చాలావరకు విశేషణాలే. కమలనయనా, కరుణాసాగరా, భక్తమందారా... మకుటం మార్చి ఏ దేవుడికైనా వాడుకోవచ్చు. కానీ మధ్యలో ఒక పద్యం ఉంది. ఆయన పెన్షన్ ఫైలు ఒక ఆఫీసులో మూడేళ్ళు కదలకుండా ఉండిపోయినప్పుడు రాసింది. "నీ ఆఫీసులోనూ ఇంతేనా స్వామీ, నా అర్జీ ఏ టేబుల్ కింద ఉంది?" అన్న భావంతో ఉంటుంది. యతి ఎక్కడో తప్పిందని ఊళ్ళో పంతులుగారు ఎత్తి చూపించారట. మా ఇంట్లో పెదమ్మ దగ్గర్నుంచి చిన్నపిల్లల దాకా అందరికీ నోటికొచ్చిన పద్యం అదొక్కటే. మిగతా నూట ఏడు పుస్తకంలో ఉన్నాయి.

అందుకే ఇప్పుడు దేవుడి మీద రాద్దామనుకునే మిత్రులకి (మన టీముల్లో కూడా ఉన్నారు, నాకు తెలుసు) నాదొక మాట. విశేషణాల పని ఇప్పుడు మిషన్ చేస్తుంది. చాట్‌బాట్‌ని అడిగితే పది సెకన్లలో అష్టోత్తరం ఇస్తుంది, తెల్లారేసరికి దానికి ట్యూన్ కట్టి వీడియో కూడా చేసిపెడతారు. ఫోన్లో రోజూ వచ్చే భక్తి ఫార్వార్డుల్లో ఎన్ని అలా పుట్టినవో ఎవరు చెప్పగలరు? దానికి పెన్షన్ ఫైలు లేదు. రాత్రి రెండింటికి హాస్పిటల్ కారిడార్‌లో కూర్చుని దేవుడితో పోట్లాడిన అనుభవం లేదు. మీకుంది. రాస్తే అది రాయండి. నమ్మకం సడలిన రోజు గురించి కూడా రాయండి. భక్తి సాహిత్యంలో నిలిచినవాటిలో చాలావాటికి ఒక దెబ్బలాట ఉంది. గోల్కొండ జైల్లో ఉన్న కంచెర్ల గోపన్న రాముణ్ణి ఎలా నిలదీశాడో మనందరం చిన్నప్పుడే విన్నాం.

ఇక్కడ ఒకరు అభ్యంతరం చెప్తారు. "భక్తుడికి పేరెందుకయ్యా? నిలవాలని రాస్తే అది అహంకారం కాదా? పోతన రాజుకి అంకితమివ్వనన్నాడు కదా?" మంచి ప్రశ్నే. నా జవాబు, రాసేవాడికి ఆ యావ అక్కర్లేదు, నిజమే. ఉండకపోతేనే మంచిది. అన్నమయ్యే కూర్చుని "నా పాటలు రాగి మీద చెక్కించండి" అని ఉంటే మనకి కాస్త ఇబ్బందిగానే ఉండేది. కానీ ఆయన వదిలేసిన బాధ్యతని కొడుకు ఎత్తుకున్నాడు. రాసినవాడి వైరాగ్యం గొప్పది. చుట్టూ ఉన్నవాళ్ళు కూడా వైరాగ్యం చూపిస్తే దాన్ని నిర్లక్ష్యం అంటారు.

నాకు అసలు భయం శతకాల గురించి కాదు. కనీసం అవి ఐదొందల కాపీలు అచ్చయ్యాయి. ఆడవాళ్ళ పాటల గురించి నా భయం. మంగళహారతులు, నోముల పాటలు, తులసమ్మ పాట, శ్రావణ శుక్రవారం పాటలు, పెళ్ళిలో పాడేవి. మా అమ్మమ్మ తరం వాళ్ళు రూళ్ళ నోటుబుక్కుల్లో రాసుకున్నారు. కొన్ని వాళ్ళ అమ్మలు నేర్పినవి, కొన్ని వీళ్ళే కట్టినవి. పేరు రాసుకోరు, తేదీ ఉండదు, వరస తల్లోనే ఉంటుంది. ఆవిడ పోయాక ఇల్లు ఖాళీ చేసేటప్పుడు ఇత్తడి సామాన్లు పంచుకుంటారు, చీరలు పంచుకుంటారు, నోటుబుక్కులు పాతపేపర్లవాడికి వెళ్తాయి. ఏ పండితుడూ వాటిని సాహిత్యం అనలేదు. గుర్తుందా, అన్నమయ్య పదాలకీ ఒకప్పుడు అదే గతి. వీటికి మాత్రం పెద తిరుమలాచార్యులు లేడు.

మన తరానికి రాగి కొనే పని కూడా లేదు. జేబులో స్కానర్ ఉంది, రికార్డర్ ఉంది. కావలసింది రెండు శనివారాలు. నాకు తోచినవి ఇవి:

1. ముందు వరస రికార్డు చెయ్యండి. కాగితం ఇంకో పదేళ్ళు ఆగుతుంది, మనిషి ఆగకపోవచ్చు. గొంతు బాగోలేదని వాళ్ళు అంటారు, పట్టించుకోకండి. అన్నమయ్య విషయంలో పోయింది ఇదే.

2. ప్రతిదానికీ నాలుగు ముక్కలు రాయండి. ఎవరు పాడారు, ఎవరి దగ్గర నేర్చుకున్నారు, ఏ ఊరు, ఎప్పుడు పాడతారు. రాసినవాళ్ళెవరో తెలియకపోతే తెలియదని రాయండి. అన్నమయ్యదని మాత్రం అంటగట్టకండి.

3. యూనికోడ్‌లో టైపు చెయ్యండి. పుస్తకం అచ్చు వేయించి ఉంటే డీటీపీవాళ్ళ దగ్గర ఫైలు ఉంటుంది, కానీ అది పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో ఉండొచ్చు. ఆ ఫాంటు లేని మిషన్లో తెరిస్తే చెత్త కనిపిస్తుంది. ఇప్పుడే మార్పించి పెట్టుకోండి. పేజీల ఫోటోలు మాత్రమే పెడితే రేపు ఎవరూ వెతకలేరు.

4. ఒక్కచోట పెట్టకండి. ఇంట్లో ఒక కాపీ, ఇంకో ఊళ్ళో చుట్టాల దగ్గర ఒకటి, ఆర్కైవ్.ఆర్గ్‌లో ఒకటి. రాసినాయన బతికుంటే ఆయన ఒప్పుకోలు రాతపూర్వకంగా తీసుకోండి. మన చట్టం ప్రకారం రచయిత పోయాక 60 ఏళ్ళ దాకా కాపీరైటు ఉంటుంది. ఫ్రీ లైసెన్సు ఇస్తే వికీసోర్స్ లాంటి చోట్లకి దారి తెరుచుకుంటుంది. మన ఇంటికన్నా గుడి ఎక్కువ కాలం నిలుస్తుందన్న పాత లాజిక్కే ఇది.

5. అన్నిటికన్నా ముఖ్యం, ఒక్కటైనా నేర్చుకుని పాడండి. శుక్రవారం హారతికి ఆ ఒక్క పాట మీ ఇంట్లో నడిచిందంటే మీ పిల్లలకి వచ్చేస్తుంది. హార్డ్‌డిస్కులో ఉన్న మిగతా ముప్పై పాటలకి ఆ గ్యారంటీ ఎవరూ ఇవ్వలేరు.

"మాకు భక్తి లేదు, నాస్తికులం" అనే మిత్రులున్నారు. మీరు కూడా ఈ పని చెయ్యొచ్చు, బహుశా ఇంకా బాగా చేస్తారు. మీ నాయనమ్మ దేవుడితో ఏం మాట్లాడుకుందో తెలుసుకోవడానికి మీకు దేవుడి మీద నమ్మకం ఉండక్కర్లేదు. ఆవిడ తన కష్టం ఇంకెవరికీ చెప్పుకోలేక ఆ పాటల్లోనే చెప్పుకుని ఉండొచ్చు.

ఇదంతా చేస్తే ఐదొందల ఏళ్ళు నిలుస్తుందా అంటే, ఎవరికి తెలుసు? పెద తిరుమలాచార్యులకి కూడా తెలిసుండదు. ఆ రేకులు మూడు నాలుగు వందల ఏళ్ళు చీకట్లో పడుంటాయనీ, తర్వాత ఇంటింటా మోగుతాయనీ ఊహించి చెక్కించి ఉండడు. తన వంతు వచ్చింది, చేశాడు. మనకి ఐదొందల ఏళ్ళ టార్గెట్ అక్కర్లేదు, ఇంకో ముప్పై ఏళ్ళు దాటించి తర్వాతి వాళ్ళ చేతికి అందిస్తే చాలు. అక్కణ్ణుంచి వాళ్ళ తలనొప్పి :)

మీ ఇళ్ళల్లో ఇలాంటి నోటుబుక్కులు, శతకాలు ఏమున్నాయో ఒకసారి అటక మీద చూడండి. కాస్త తొందరగా చూడండి.